అలకకు పిలిచే తిప్పన్న

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్ళు వీధికి యాభైమంది దొరుకుతారు. అలగడం తెలిసినవాడు మాత్రం, ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా పట్టా పొడుగునా వెతికినా, తిప్పన్న ఒక్కడే.

అలగడం ఎవరికి రాదు అనొచ్చు. కూర మాడిందని అలిగేవాళ్ళు, చెల్లెలికి మంచి గాజులు కొన్నారని అలిగేవాళ్ళు ప్రతి కొంపలోనూ ఉంటారు. అది చిల్లర అలక. పెళ్ళి అలక వేరు. ఆ కాలంలో మగపెళ్ళివాళ్ళలో ఒక్కడైనా అలగకుండా పెళ్ళి జరిగిపోయిందంటే వాళ్ళకు విలువ లేదని అర్థం. కాఫీ చల్లారిందనో, విడిదింట్లో చాప చిరిగిందనో, పిలిచేటప్పుడు మర్యాద తగ్గిందనో ఒక పెద్దమనిషి మూతి ముడుచుకోవాలి. ఆడపెళ్ళివాళ్ళు వచ్చి బతిమాలాలి. ఆయన ఇంకొంచెం ముడుచుకోవాలి. చివరికి ఒక జరీ పంచ తెచ్చి చేతులు పట్టుకుంటే అప్పుడు నవ్వి, వచ్చి విస్తరి ముందు కూర్చోవాలి. అలక లేని పెళ్ళి ఉప్పు లేని సంగటి.

తిప్పన్న అలక చూసినవాళ్ళు ఇంకొకరి అలక చూడలేకపోయేవాళ్ళు. ఆయన ముఖం తిప్పుకున్న గోడకు మళ్ళీ సున్నం పట్టలేదట. హిందూపురంలో ఒకసారి ఆయన మూతి ముడవగానే మేళం వాళ్ళ సన్నాయి నోట్లో ఉండగానే నోరు మూసుకుందట. అమరాపురంలో ఆయన కాఫీ వద్దని గ్లాసు పక్కకు నెట్టిన పాపానికి, ఆ పాలిచ్చిన ఎనుము మూడు పూటలు చేపలేదట. నమ్మనివాళ్ళు అమరాపురం పోయి ఎనుమునే అడుక్కోవచ్చు.

ఇంత విద్య ఆయనకు ఎవరు నేర్పారంటే, ఒక దవడ పన్ను నేర్పింది.

యాభైరెండో సంవత్సరం, హిందూపురంలో పెళ్ళి. పెళ్ళికొడుకు ధర్మవరం చీరల వ్యాపారి తిమ్మరాజు తమ్ముడు. తిమ్మరాజు పట్టు ఇస్తే నేసి చీర ఇచ్చే మగ్గాలలో తిప్పన్నదీ ఒకటి. ఆ లెక్కన ఆయన కూడా మగపెళ్ళివాళ్ళ గుంపులో రైలెక్కాడు. దిగేసరికి దవడ పన్ను సలుపు మొదలుపెట్టింది. విడిదింట్లో టవలు తల మీదుగా గడ్డం కిందికి బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కాఫీ వద్దన్నాడు. వడ వద్దన్నాడు. ఏమైందని అడిగితే నోరు తెరవలేక చెయ్యి ఊపాడు.

ఆడపెళ్ళివాళ్ళ గుండెల్లో రాయి పడింది. "ఎవరప్పా ఆయప్ప? ఏం తక్కువ చేస్తిమి?" అని గుసగుసలు. పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు, పెదనాన్న వచ్చాడు, ఊరి పెద్ద వచ్చాడు. తిప్పన్న ఎవరినీ చూడలేదు. చూడాలంటే మెడ తిప్పాలి. మెడ తిప్పితే పన్ను ప్రాణం తీస్తుంది. అంతసేపూ తిమ్మరాజు వెనక నిలబడి మీసం దువ్వుకున్నాడు. వాళ్ళ మేనమామ పొద్దున్నించి అలగాలని చూస్తున్నా, పాపం, వడ వాసన తగిలితే నవ్వేసే రకం. ఇక్కడేమో అడగకుండానే ఒక మహానుభావుడు దొరికాడు. సాయంత్రానికి జరీ పంచ వచ్చింది, ఊరేగింపుకు కారు వచ్చింది, ఎవరో భయపడి లవంగనూనె కూడా తెచ్చారు. ఆ నూనెకే తిప్పన్న నవ్వాడు. పంచకు నవ్వాడని ఊరంతా అనుకుంది.

ఆ నెల తిరగకముందే తిమ్మరాజు అంగట్లో కొత్త బేరం మొదలైంది. "పెండ్లి చీరలన్నీ మా కాడే తీసుకోండి. తిప్పన్నను తోడిచ్చి పంపుతా. మీ మర్యాదకు నాది పూచీ."

తిప్పన్న మొదట్లో సరదాపడ్డాడు. మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని పొద్దంతా పోగుల మధ్య నాడె ఆడించేవాడికి, పెళ్ళికి పోతే ఊరంతా వచ్చి కాళ్ళావేళ్ళా పడుతుందంటే చేదా? శ్రద్ధగా సాధన చేశాడు. అలకకు మెట్లు కట్టాడు. మొదటి మెట్టు, కాఫీ వద్దనడం. రెండోది, భుజం మీది టవలు తల మీదికి పోవడం. మూడోది, గోడ. నాలుగోది, చెప్పులేసుకుని రైల్వే స్టేషనుకు నడవడం. రైళ్ళ వేళలు ఆయనకు స్టేషను మాస్టరు కన్నా బాగా తెలుసు. దగ్గరలో ఏ రైలూ లేని సమయం చూసి మరీ నడిచేవాడు. ఎన్ని మెట్లెక్కినా ఒక్కటే నియమం: అలిగినంతసేపు మెతుకు ముట్టకూడదు. విస్తరి ముందు కూర్చున్నాడంటే అలక తీరినట్టు. ఇది రానురాను అందరికీ తెలిసిపోయి, పిల్లలు కూడా లెక్కపెట్టేవాళ్ళు. "రెండో మెట్టు! రెండో మెట్టు!" అని పందిట్లో కేకలు.

పెళ్ళాం ఉలిగమ్మది పెనుకొండ. మొగుడి పేరు చెబితే ఆమె కొప్పు బెత్తెడు ఎత్తు పెరిగేది. "మా ఆయప్ప అలిగితే గవర్నమెంటు గూడా దిగొస్తాది" అని బావి దగ్గర చెప్పుకునేది.

తిప్పన్నకు మొదటిసారి గుబులు పుట్టింది వాళ్ళ నాయన పోయిన రోజు. నాయన ఆయనకు మగ్గం నేర్పినవాడు. శవాన్ని కడుగుతుంటే చూడలేక తిప్పన్న లోపలికి పోయి, టవలు తల మీద వేసుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుపు గొంతు దాకా వచ్చింది. అంతలో వెనకనుంచి పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఎవరో, "మూడో మెట్టు" అన్నారు. మెల్లగానే అన్నారు. కావాలని కూడా అని ఉండరు, అలవాటు. ఇంకెవరో తుమ్మినట్టు నవ్వారు. ఒక ముసలాయన కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "తాగప్పా తిప్పన్నా, ఏం గావాల్నో చెప్పు" అన్నాడు. వచ్చిన ఏడుపు వెనక్కి పోయింది. తిప్పన్న ఆ కాఫీ తాగాడు. తాగకపోతే నాలుగో మెట్టంటారని భయం.

అప్పటినుంచి ముఖం ఆయన మాట వినడం మానేసింది. నిజంగా కోపమొచ్చినా దానికి తెలిసింది ఆ నాలుగు మెట్లే. ఒకసారి తిమ్మరాజు ఇచ్చిన పట్టు పోగు నిలవక చీర చీరంతా తెగి, వేళ్ళు కాయలు కాచేలా ముడులేసుకోవలసి వచ్చింది. తిప్పన్న ఆ పట్టు చుట్టిన కండెలు తీసుకుని నేరుగా అంగడికి పోయాడు.

"ఇది పట్టా, పీచా? మనిషి నేసేదేనా ఇది?" అని అరిచాడు.

అంగట్లో మడకశిర నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు కూర్చుని ఉన్నారు. తిమ్మరాజు ముఖం వెలిగిపోయింది. "చూడండి, చూడండి! నేను చెప్తాంటి గదా, ఈయనే. ఎట్లుండాది? కన్నులు చూడండప్పా ఎట్ల ఎర్రగా చేసినాడో. తిప్పన్నా, ఒక్కసారి టవలు గూడా ఎత్తుకో."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. పైనెల లగ్నానికి అక్కడే మాటిచ్చారు. తిప్పన్న తెగిన కండెలు అట్లాగే చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, మళ్ళీ ముడులేసుకున్నాడు.

మానేద్దామని అనుకోలేదా అంటే, చాలాసార్లు అనుకున్నాడు. కానీ పట్టు ఇచ్చేది తిమ్మరాజు. ఇక పెళ్ళాం ముందు, బంధువుల ముందు, నాకు అలగడం చేతకాదని ఎట్లా చెప్పేది? చెప్పినా, "అలిగినావా అప్పా?" అంటారు. బావిలో పడ్డవాడు మెట్లు వెతుక్కుంటాడు. ఈయన మెట్లలోనే పడ్డాడు.

అమరాపురం పెళ్ళి ఆయన కడుపులో ముల్లులా ఉండిపోయింది. ఎనుము కథ నవ్వడానికి చెప్పుకునేది. అక్కడ జరిగిన ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. పెళ్ళికూతురి తండ్రి బక్కపలచని ముసలాయన. తిప్పన్న గోడకు తిరిగి కూర్చుంటే, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూలబడి కాఫీ గ్లాసు చాచాడు. తొందరలో కాఫీ తిప్పన్న తొడ మీద ఒలికింది. ముసలాయన హడలిపోయి తన కండువాతో తుడవసాగాడు. "తప్పైంది నాయనా, మా పిల్ల ముఖం జూసి క్షమించు" అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు. లే అప్పా, నాకు కోపమే లేదు, నేను దుడ్లకొచ్చిన బొమ్మను అనాలని తిప్పన్న నోరు తెరవబోయాడు. వెనకనుంచి తిమ్మరాజు నడుం మీద గిల్లాడు. తిప్పన్న నోరు మూసుకుని ఇంకా గట్టిగా గోడను చూశాడు. ఆ రోజు వచ్చిన జరీ పంచను ఆయన ఎన్నడూ కట్టలేదు.

ఇట్లా నెట్టుకొస్తుండగా అరవైనాలుగో సంవత్సరం వచ్చింది. కూతురు కమలాక్షి పెళ్ళీడుకొచ్చింది.

ఉలిగమ్మకు తమ్ముడున్నాడు, ఈరప్ప. పెనుకొండలో సైకిలు షాపు. అక్క కూతురి మీద మేనమామకు హక్కు; అది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, సూర్యుడు తూర్పున వచ్చినట్టు దానంతటది జరుగుతుంది. ఈరప్ప మీద వంక పెట్టడానికి కూడా లేదు. బీడీ లేదు, పేకాట లేదు. మగ్గం నేర్చుకుంటానని చిన్నప్పుడు వచ్చి బావ ఇంట్లోనే కొన్నేళ్ళున్నాడు. మగ్గం అబ్బలేదు కానీ, అక్క వంటలో ఉంటే చంటిది కమలాక్షిని చంకనేసుకుని తిరిగాడు.

తాంబూలాలకు రోజు నిర్ణయమైంది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తిప్పన్న మగ్గం గుంటలో ఉంటే, కమలాక్షి పక్కన కండెలు చుడుతూ ఉన్నట్టుండి రాట్నం ఆపింది.

"నాయనా, ఒక మాట జెప్తా. నువ్వు అలగవు గదా?"

"ఇంట్లో గూడా నాకదే పేరా? చెప్పు తల్లీ."

"ఈరప్ప మామను నేను చేసుకోను."

తిప్పన్న నాడె పక్కన పెట్టాడు. "ఏమన్నా అన్నాడా నిన్ను?"

"ఏమీ అనలేదు. ఆయప్ప మంచోడే నాయనా. నాకు అమ్మవారు పోసినప్పుడు యాపమండతో పొద్దంతా విసిరింది ఆయప్పే. నాకు జడేసింది ఆయప్పే. సైకిలు కడ్డీ మీద కూసోబెట్టుకోని బడికి తీసకపోయింది ఆయప్పే. ఆయప్పను చూస్తే నాకు నువ్వు గుర్తొస్తావు. ఎట్ల చేసుకునేది?"

"అమ్మకు చెప్పితివా?"

"చెప్పినా. 'అందురూ మొదట్లో అట్లే అంటారు, పెండ్లయితే సరిపోతాది' అనింది."

తిప్పన్న తీగలాగా సాగి ఉన్న పడుగును చూస్తూ కూర్చున్నాడు. కూతురి మాట ఆయనకు కొత్తగా అనిపించలేదు. ఈరప్పను అల్లుడని అనుకోబోయినప్పుడల్లా తన లోపల కూడా ఏదో అడ్డం పడుతూనే ఉంది. దానికి పేరు పెట్టలేదంతే. పెద్ద కొడుకును తెచ్చి అల్లుడి పీట మీద కూర్చోబెట్టినట్టు.

"నేను చెప్తాలే" అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, ఈ భూప్రపంచంలో వద్దనడానికి పనికిరాని నోరు ఏదైనా ఉందంటే అది తనదేనని.

మర్నాడు పొద్దున ఉలిగమ్మ రోలు దగ్గర ఊరిబిండి పచ్చడి నూరుతుంటే పోయి నిలబడ్డాడు. "ఉలిగీ, ఈ సమ్మంధం వద్దు."

ఉలిగమ్మ తలెత్తి చూసింది. ఆయన గంభీరంగా ఉండాలనే అనుకున్నాడు. కానీ ముఖం అలవాటుకొద్దీ దానంతటది మూతి ముడిచింది. ఉలిగమ్మ ఫక్కున నవ్వింది.

"నా తమ్మునికి గూడా అలగాల్నా? అలుగు అలుగు, మా అమ్మ గూడా చూడాలంటాంది. యా మెట్టు కాడ దిగుతావో ముందే చెప్పయ్యా, దానికి తగినట్టు పప్పు నానేసుకుంటా."

"నిజంగా చెప్తాండానే!"

"అబ్బ! గొంతు గూడా మార్చినాడే!"

తాంబూలాల రోజు పెనుకొండ బండి దిగి అత్తగారు వెంకటసుబ్బమ్మ వచ్చింది, వెనక పూలూ పండ్ల తట్టలతో చుట్టాలు, వాళ్ళ వెనక కొత్త చొక్కాలో బిగుసుకుపోయిన ఈరప్ప. పెద్దమనిషిగా తిమ్మరాజు సరేసరి, గడపలోనే కుర్చీ వేసుకున్నాడు. తాంబూలాలు మార్చుకుంటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత వద్దనడం రెండు కుటుంబాలూ తెంచుకోవడమే. తిప్పన్నకు మిగిలింది ఆ గంటే.

కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తూనే చెప్పాడు. "అత్తా, పిల్లను ఇయ్యను."

వెంకటసుబ్బమ్మ చెంబు పట్టుకునే చప్పట్లు కొట్టబోయి నీళ్ళు ఒలకబోసుకుంది. "చూస్తిరా? చూస్తిరా? ఊర్లోళ్ళందురూ చూస్తిరి గానీ, నా అల్లుని అలక నేనొక్కదాన్నే చూడలే. ఆడపిల్ల తండ్రి అలిగేది యాడన్నా ఉండాదా? నాకోసరం అలిగినాడప్పా!"

"అలగలేదత్తా. పిల్లకు ఇష్టం లేదు."

"కారణం గూడా కొత్తదే తెచ్చినాడు" అన్నాడు తిమ్మరాజు. "ఎప్పుడూ కాఫీ చల్లారింది అనేవాడు."

ఇల్లంతా నవ్వింది. ఈరప్ప కూడా నవ్వాడు. ఒక్క కమలాక్షి తలుపు సందులోంచి నాయననే చూస్తోంది. ఆ చూపు చూసి తిప్పన్నకు చెమటలు పట్టాయి. గొంతు పెంచితే నవ్వారు. తగ్గిస్తే ఇంకా బాగుందన్నారు. చెమట తుడుచుకుందామని టవలు ఎత్తితే, "రెండో మెట్టు!" అని పిల్లలు గంతులేశారు. ఆ గోల భరించలేక అవతలికి తిరిగితే, అక్కడ గోడ. వెంకటసుబ్బమ్మ చుట్టాలను పిలిచి మరీ చూపించింది. ఎవరో జరీ పంచ తెచ్చి భుజాన కప్పారు. ఎటు కదిలినా ఏదో ఒక మెట్టు మీదే అడుగు పడుతోంది. మనిషి సాలెపురుగు గూట్లో పడితే గూడు తనే అల్లి ఉండడం తిప్పన్న ఒక్కడికే చెల్లింది.

పంచ విసిరేసి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"స్టేషనుకు! స్టేషనుకు!"

సగం వీధి ఆయన వెంట నడిచింది. తిమ్మరాజు వెనకనుంచి అరుస్తున్నాడు. "పోనీండప్పా, ఇప్పుడు యా రైలూ లేదు. తెలిసే పోతాండాడు."

కానీ ఆ రోజు పొద్దున రావలసిన గుంతకల్లు ప్యాసింజరు యాడనో చిక్కుకుని అప్పుడే వచ్చి నిలబడింది. తిప్పన్న ప్లాట్‌ఫారం మీదికి పోయేసరికి ఇంజను ఎదురుగా నల్లగా ఆవిర్లు కక్కుతోంది. వెంట వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగి నవ్వుతున్నారు. ఇన్నేళ్ళలో ఆయన స్టేషనుకు నడిచినప్పుడు రైలున్నది ఇదే మొదటిసారి.

తిప్పన్న పెట్టె తలుపు కడ్డీ పట్టుకున్నాడు. ఎక్కితే నమ్ముతారు. నిజంగా కోపమే వచ్చిందంటారు. కానీ ఎక్కితే ఇంట్లో కమలాక్షి ఒక్కతే. "ఆయప్ప లేకుంటే ఏమి, అన్నీ వాళ్ళమ్మ చూసుకుంటాది" అని తాంబూలాలు మార్చేసుకుంటారు. ఎక్కకపోతే, దిగొచ్చాడంటారు. ఎక్కినా పెళ్ళే, ఎక్కకపోయినా పెళ్ళే. గార్డు పచ్చజెండా ఊపాడు. కడ్డీ మెల్లగా చేతిలోంచి జారిపోయింది.

తిరిగి వస్తుంటే వీధంతా ఎదురొచ్చింది. "వచ్చినాడు! అలక తీరిపోయ!" ఉలిగమ్మ పొంగిపోతూ గడపలో నీళ్ళు పెట్టింది. తిప్పన్న కాళ్ళు కడుక్కున్నాడు. నేరుగా నడవలోకి పోయి, చాప మీద కూర్చున్నాడు.

"ఉలిగీ, విస్తరి వెయ్యి. ఆకలైతాంది."

"తాంబూలాలు కాకముందే అన్నమా?" అని ఎవరో అన్నారు.

"పెట్టండే, పెట్టండి" అంది వెంకటసుబ్బమ్మ. "అలసి దిగొచ్చినాడు నా అల్లుడు. తాంబూలం యాడికి పోతాది?"

ఆమె స్వయంగా వడ్డించింది. తిప్పన్న తలొంచుకుని తిన్నాడు. చిత్రాన్నం తిన్నాడు. పప్పూ అన్నం తిన్నాడు. చుట్టూ నవ్వులు, మాటలు. పూర్ణం నింపిన ఓళిగ మీద నెయ్యి పోయించుకుని, తుంచి, మెల్లగా నమిలాడు. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో అందరికన్నా ఆఖరున, చల్లారిన ఓళిగలు తిన్నవాడికి ఇది వేడివేడిగా ఉంది. మింగేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. టవలు ఎత్తితే మళ్ళీ లెక్కపెడతారు. నీళ్ళు కారి విస్తట్లో పడ్డాయి. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

రెండో ఓళిగ కూడా పూర్తిచేసి అప్పుడు తలెత్తాడు. గొంతులో కోపం లేదు, బెట్టు లేదు. పక్కింటివాడిని వాన పడుతుందా అని అడిగినట్టుంది.

"అత్తా, ఓళిగ బాగుండాది. పిల్లను ఇయ్యను."

వెంకటసుబ్బమ్మ చేతిలో నెయ్యి గిన్నె వంగినది వంగినట్టే ఉండిపోయింది. అలిగినవాడు తినడు. తిన్నవాడికి అలక ఉండదు. తిన్నాక కూడా వద్దంటున్న మనిషిని ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. దానికి మెట్టు లేదు.

"తిన్యావు గదప్పా?" అంది ఆమె. గొంతు మారిపోయింది.

"తిన్యా."

"మరి వద్దంటావేమి?"

"వద్దు గాబట్టి."

తిమ్మరాజు కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏం కావాలబ్బా నీకు? అడుగు, ఇప్పిస్తా."

"నాకేమీ వద్దు తిమ్మరాజూ."

తిమ్మరాజు మళ్ళీ పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ వద్దన్న మనిషితో బేరం ఎట్లా చేయాలో అన్నేళ్ళ వ్యాపారంలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"నా కొడుకు కుంటోడా? గుడ్డోడా?" వెంకటసుబ్బమ్మ అరిచింది. "కారణం చెప్పు!"

"బంగారమట్లోడు. నా పెద్ద కొడుకు మాదిరి ఈ ఇంట్లో పెరిగినాడు. దానికీ అంతే, అన్న మాదిరి, నాయన మాదిరి. దానికి మనసు లేదు, నాకూ లేదు. వేరే కారణం నా కాడ లేదత్తా."

"మనసంట! మనసు గూడా ఒక కారణమా?"

"మొదట కారణమే అనుకుంటి" అన్నాడు తిప్పన్న. "మీరందురూ నవ్వుతాంటే, కాదేమోలే అనుకుంటి."

ఉలిగమ్మ వంటింటి గడపలో నిలబడి మొగుణ్ణి చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ముడుచుకున్నది కాదు, నవ్వుతున్నదీ కాదు. వట్టి ముఖం.

తట్టలు మళ్ళీ నెత్తికెక్కాయి. వెంకటసుబ్బమ్మ శాపనార్థాలు వీధి మలుపు దాకా వినబడ్డాయి. తిప్పన్న చెయ్యి కడుక్కుని బయటికొస్తే, అరుగు అంచున కూర్చుని ఈరప్ప ఒక్కడే చెప్పు వార్లో కాలు పెట్టలేక తంటాలు పడుతున్నాడు. వారు తెగలేదు, కాలే చోటు మరిచిపోయింది. టవలు లేదు, గోడ లేదు, స్టేషను లేదు. అలకను అరచేతిలో పట్టినవాడు తిప్పన్న. నిజంగా దెబ్బ తగిలినవాడు ఎట్లుంటాడో అప్పుడు చూశాడు. వంగి ఆ చెప్పు సరిగా పట్టుకున్నాడు.

"వద్దు బావా, వదులు" అన్నాడు ఈరప్ప. కాలు మాత్రం పెట్టాడు. "ముందే చెప్పింటే ఇంతమందిలో..."

"చెప్పినా గదప్పా. నవ్వితిరి."

"నేను గూడా నవ్వితి." ఈరప్ప రెండో చెప్పు తనే తొడుక్కున్నాడు.

"నీకిష్టమేనా ఈరప్పా? నిజం చెప్పు."

"ఇష్టమో కాదో నన్నెవరడిగినారు బావా? చొక్కా కుట్టిచ్చినారు, ఏసుకుంటి." అంటూనే లేచి, చుట్టాల వెనక నడిచిపోయాడు. పైగుండీ ఊడదీసుకుంటూ పోవడం వెనకనుంచి కూడా తెలుస్తోంది.

ఆ తర్వాత తిప్పన్నను అలకకు పిలవడం మెల్లగా ఆగిపోయింది. ఒకటి రెండు పెళ్ళిళ్ళకు తిమ్మరాజు బలవంతాన లాక్కుపోయాడు. తిప్పన్న గోడకు తిరిగి కూర్చుంటే ఇప్పుడు ఎవరూ మెట్లు లెక్కపెట్టలేదు. హిందూపురంలో ఒక పెళ్ళికూతురి తండ్రి పక్కన కూర్చుని, "నిజంగా ఏమైందప్పా?" అని అడిగాడు. తిప్పన్న, "ఏమీ కాలేదప్పా. ఆకలైతాంది. నీకు?" అన్నాడు. ఇద్దరూ పోయి మొదటి పంక్తిలో కూర్చున్నారు. తిమ్మరాజు మరి పిలవలేదు. పట్టు ఇవ్వడం కూడా సగానికి సగం తగ్గించాడు. మగ్గం కొన్ని రోజులు ఆడేది, కొన్ని రోజులు ఊరకే ఉండేది. కమలాక్షి వేరేవాళ్ళ ఇంటికి కండెలకు పోయేది.

అది కాదు కష్టం. ఉలిగమ్మ మాట్లాడటం మానేసింది.

పుట్టింటితో తెగిపోయిందామెకు. పొద్దున్నే లేచేది, సంగటి కెలికేది, వేళకు కంచం పెట్టేది. ముఖం ముడిచేది కాదు, గిన్నెలు విసిరేది కాదు. మాట ఒక్కటే లేదు. బతిమాలడానికి చోటెక్కడో తిప్పన్నకు తెలియలేదు. కొత్త రవిక గుడ్డ తెచ్చి ఆమె ముందు పెట్టబోయి, తనకే సిగ్గేసి, మళ్ళీ దాచేశాడు. ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద, వానలు వచ్చిపోయినా ఆ మౌనం తడవలేదు. రెండు గదుల ఇంట్లో ఆమె ఏ గదిలో ఉంటే ఆ గది నిండిపోయి, తిప్పన్నకు ఊపిరి పట్టడానికి మగ్గం గుంట ఒక్కటే మిగిలేది.

ఒక రోజు ఆయన గుంటలో దిగి పడుగు పోగులు అతుకుతున్నాడు. ఉలిగమ్మ గడపలో వచ్చి నిలబడింది. ఎవరితోనో అన్నట్టు అంది.

"నేను మాట్లాడకుంటే నీకెట్లుండాది?"

అన్నేళ్ళలో తిప్పన్నను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఏం కావాలని అడిగారు, ఏం తక్కువైందని అడిగారు. పాత ముఖాలన్నీ ఒకదాని వెనక ఒకటి ముందుకు తోసుకొచ్చాయి: తేలిక చేసే నవ్వు, బింకం, ముడుచుకున్న మూతి. ఒక్కొక్కదాన్నీ పోనిచ్చి, పోగు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచి, ఆలోచించి చెప్పాడు.

"భయంగా ఉండాది ఉలిగీ."

ఉలిగమ్మ నవ్వలేదు. కండెల బుట్ట లాక్కుని, ఆయనవైపు వీపు పెట్టి, ఆ గదిలోనే కూర్చుంది.